బంకులో రోజూ పలికే పేరు: రుడాల్ఫ్ డీజిల్



ఈ నెల మీకు పరిచయం చేస్తున్న మనిషి పేరు మీ నోట నెలకు కనీసం పదిసార్లయినా వస్తుంది. ట్రాక్టరుకో, కారుకో కొట్టించడానికి ఏలూరులో బంకు దగ్గర ఆగినప్పుడు ఆ పేరే చెబుతారు. కొల్లేరు వైపు చేపల చెరువులున్నవాళ్ళయితే నీళ్ళు తోడే ఇంజను కోసం క్యాన్లలో పట్టించుకుని వెళ్తారు. అది నూనె పేరు కాదనీ, ఒక మనిషి ఇంటిపేరనీ మా ఎనిమిదో తరగతి పిల్లలకు చెప్పినప్పుడు సగం మంది నమ్మలేదు. నేను ఇంగ్లీషు చెప్పే టీచర్ని. మనుషుల పేర్లు మామూలు మాటలుగా మారిపోయే తీరు నాకు ఇష్టమైన పాఠం. శాండ్‌విచ్, బాయ్‌కాట్, వోల్ట్ అన్నీ అలా పుట్టినవే. వాటన్నిటికంటే డీజిల్ ఒక మెట్టు పైన ఉన్నాడని నా అభిప్రాయం. ఆయన పేరు ఇంజనుకూ పెట్టారు, అందులో పోసే నూనెకూ పెట్టారు.

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు జర్మన్లు. తండ్రి థియోడర్ ఆగ్స్‌బర్గ్ నుంచి వలస వచ్చి, పుస్తకాలకు బైండింగ్ చేసి, తోలు సంచులు కుట్టి బతికేవాడు. రుడాల్ఫ్ ముగ్గురు పిల్లల్లో మధ్యవాడు. ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ ఇబ్బందే. తండ్రి కుట్టిన సరుకును ఖాతాదారుల ఇళ్ళకు చేరవేసే పని ఈ పిల్లవాడిది. పని లేనప్పుడు పారిస్‌లోని యంత్రాల మ్యూజియంకు వెళ్ళి కూర్చునేవాడు. నూరేళ్ళ కిందటి ఆవిరి బండి అక్కడ ఉండేది. దాన్ని చూసి బొమ్మలు గీసుకునేవాడు.

తండ్రి చాలా కఠినుడు. ఇంట్లో ఎంతో ప్రేమగా చూసుకునే గడియారాన్ని రుడాల్ఫ్ విప్పి, తిరిగి బిగించలేకపోయాడట. అందుకు శిక్షగా కుర్రాణ్ణి బరువైన సామానుకు కట్టేసి, మిగతావాళ్ళు షికారుకు వెళ్ళారని ఆయన జీవిత చరిత్రలు చెబుతాయి. ఇంకోసారి అబద్ధమాడినందుకు ఆ సంగతి రాసిన అట్ట మెడలో వేసి బడికి పంపారట. ఈ రెండు ఘటనలూ చదివాక నాకు ఆ తండ్రి మీద కోపమే వచ్చింది. కఠినంగా పెంచబట్టే కొడుకు గొప్పవాడయ్యాడని కొందరు రాస్తారు. నాకు అలా అనిపించదు. పెద్దయ్యాక కూడా ఈ మనిషి తన తప్పును ఒప్పుకోవడానికి ఎంత భయపడ్డాడో ముందు ముందు మీరే చూస్తారు.

1870లో ఫ్రాన్స్‌కూ జర్మన్లకూ యుద్ధం వచ్చింది. పన్నెండేళ్ళ రుడాల్ఫ్ అప్పుడే ప్రాథమిక చదువు ముగించి, కాంస్య పతకం తెచ్చుకుని, పెద్ద బడిలో చేరబోతున్నాడు. రాత్రికి రాత్రి జర్మన్ కుటుంబాలు పారిస్ వదలాల్సి వచ్చింది. వీళ్ళు లండన్ చేరారు. అక్కడ తిండికే కష్టమైతే, తల్లి కొడుకును ఒంటరిగా ఆగ్స్‌బర్గ్‌లోని బంధువుల ఇంటికి పంపింది. యుద్ధం వల్ల రైళ్ళు ఎక్కడికక్కడ ఆగిపోతుండడంతో ఆ ప్రయాణానికి ఎనిమిది రోజులు పట్టింది.

ఆగ్స్‌బర్గ్‌లో అతణ్ణి చేరదీసిన క్రిస్టఫ్ బార్నికెల్ లెక్కల మాస్టారు. ఆ ఇంట్లో వేళకు భోజనం, వేళకు చదువు. పద్నాలుగేళ్ళకే తాను ఇంజనీరు కావాలనుకుంటున్నట్టు రుడాల్ఫ్ తల్లిదండ్రులకు ఉత్తరం రాశాడు. 1873లో వృత్తి విద్యా పాఠశాలలో క్లాసు ఫస్టు వచ్చాడు. ఆ బడిలో ఒక గాజు గొట్టం ఉండేదని చెబుతారు. మన సైకిలు పంపు లాంటిదే. అడుగున చిన్న దూది ముక్క పెట్టి పిడిని ఒక్కసారిగా నొక్కితే, లోపలి గాలి నలిగి వేడెక్కి దూది అంటుకుంటుంది. అగ్గిపుల్ల లేదు, నిప్పు రవ్వ లేదు. అటువంటి గొట్టాలతో ఆగ్నేయాసియా ప్రజలు ఏనాటి నుంచో నిప్పు పుట్టించుకునేవారు. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు భాగం వేడెక్కడం మీ అందరికీ తెలిసిందే. ఆ వేడినే గుర్తుంచుకోండి. డీజిల్ జీవితమంతా దాని మీదే నడిచింది.

1875లో మ్యూనిక్ పాలిటెక్నిక్ నుంచి స్కాలర్‌షిప్ వచ్చింది. ఇంట్లో వాళ్ళకు అది నచ్చలేదు. కొడుకు ఏదైనా పనిలో చేరి డబ్బు పంపితే బాగుండునని వాళ్ళ ఆశ. వాళ్ళది అన్యాయమైన ఆశ అనడానికి లేదు, ఇల్లు గడవని రోజులవి. అయినా రుడాల్ఫ్ చదువుకే వెళ్ళాడు. ఖర్చుల కోసం ట్యూషన్లు చెప్పుకున్నాడు.

మ్యూనిక్‌లో ఆయన గురువు కార్ల్ ఫాన్ లిండే. ఐసు తయారుచేసే యంత్రానికి పేరుపొందిన శాస్త్రవేత్త ఆయనే. మన పట్టుబడి చేపలు ఐసులో వేసి కలకత్తా పంపగలుగుతున్నామంటే అందులో ఆయన వాటా కూడా ఉంది. 1878లో ఒక క్లాసులో లిండే ఆవిరి యంత్రాల లెక్క చెప్పారు. అందులో వేసిన బొగ్గు ఇచ్చే వేడిలో పదో వంతు కూడా పనిగా మారదు, మిగతాదంతా గాలిలో పోతుంది. కుర్రాడు నోటుబుక్ అంచున ఒక చిన్న గమనిక రాసుకున్నాడు. ఆ వృథాను తగ్గించే దారి ఉందేమో చూడాలన్నది దాని సారాంశం. తర్వాతి పదిహేనేళ్ళూ ఆ గమనిక వెంటే నడిచాడు.

చివరి పరీక్షల వేళకు టైఫాయిడ్ వచ్చి మంచం పట్టాడు. తోటివాళ్ళు డిగ్రీలు తీసుకుని వెళ్ళిపోయారు. మళ్ళీ పరీక్ష పెట్టేదాకా స్విట్జర్లాండ్‌లోని ఫ్యాక్టరీలో చేత్తో పని నేర్చుకుని, 1880 జనవరిలో పరీక్ష రాసి అత్యున్నత శ్రేణిలో పాసయ్యాడు. ఒక టర్ము పోతే జీవితమే పోయినట్టు మనం కంగారు పడే ఈ రోజుల్లో, ఆయన ఆ ఆరు నెలలు ఫైలు పట్టుకుని ఏం చేశాడో తెలిస్తే మన పిల్లలకు కొంచెం ఊరటగా ఉంటుందేమో.

తర్వాత పదేళ్ళు లిండే కంపెనీలో పారిస్‌లో ఉద్యోగం. 1883లో మార్తాతో పెళ్ళయింది, ముగ్గురు పిల్లలు పుట్టారు. తీరిక వేళల్లో ఆవిరి బదులు అమ్మోనియాతో ఇంజను నడపబోతే అది పేలి నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. చూపు కూడా దెబ్బతింది. అయినా నోటుబుక్ అంచున రాసుకున్న గమనికను వదల్లేదు.

ఇక్కడ కాసేపు ఇంజను లోపలికి వెళ్దాం. ఇది తెలియకపోతే ఆయన గొప్పతనం అర్థం కాదు. మెకానిక్ దగ్గర ఎప్పుడైనా నిలబడి చూసినవాళ్ళకు ఇది సులువే.

సిలిండరు అంటే ఒక గొట్టం. అందులో పిస్టన్ పైకీ కిందికీ తిరుగుతుంది. గొట్టానికి పైన బిగించే మూతనే మన మెకానిక్‌లు హెడ్డు అంటారు. పిస్టన్ అడుగున ఉన్నప్పుడు పైన ఎంత చోటుంటుంది, పూర్తిగా పైకి వచ్చినప్పుడు ఎంత చోటు మిగులుతుంది, ఈ రెండిటి నిష్పత్తినే కంప్రెషన్ రేషియో అంటారు. ఉదాహరణకు మన మెట్ట ప్రాంతంలో బోర్ల మీద, కాలువల మీద కనిపించే 5 హార్స్‌పవర్ ఆయిలింజను తీసుకోండి. చాలా ఇంజన్లలో సిలిండరు వ్యాసం 80 మిల్లీమీటర్లు, పిస్టన్ నడిచే దూరం 110 మిల్లీమీటర్లు. లెక్క కడితే పిస్టన్ తోసే చోటు 553 సీసీ. రేషియో 16.5 కావాలంటే, పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగలాల్సిన చోటు 36 సీసీకి కాస్త తక్కువ. అంటే ఒక చిన్న టీ కప్పులో సగం కూడా ఉండదు. అంత గాలి అంత చిన్న చోట నలిగేసరికి దాని వేడి 500 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు నాజిల్ నుంచి నూనె చిమ్మితే దానంతట అదే అంటుకుంటుంది. స్పార్క్ ప్లగ్గు అక్కరలేదు. ఆగ్స్‌బర్గ్ గాజు గొట్టంలో దూది అంటుకున్నది కూడా ఇలాగే.

ఇప్పుడు హెడ్డు కింద పెట్టే గ్యాస్కెట్ ఒక్క మిల్లీమీటరు మందం ఎక్కువైందనుకోండి. మిగిలే చోటు 5 సీసీ పెరుగుతుంది, రేషియో 16.5 నుంచి 14.6కు పడిపోతుంది. గాలి వేడెక్కేది తగ్గుతుంది. అసలే రింగులు అరిగిన ఇంజను అయితే, సంక్రాంతి చలిలో తెల్లవారుజామున ఎంత హ్యాండిల్ తిప్పినా తెల్లపొగ తప్ప ఏమీ రాదు. మిల్లీమీటరుకు ఇంత తేడా ఉంటుంది కనుకే మంచి మెకానిక్ గ్యాస్కెట్ కొనేటప్పుడు పాతది చేతిలో పట్టుకుని షాపుకు వెళ్తాడు.

పెట్రోలు బైకుల్లో సంగతి ఇంకో రకం. అక్కడ మంట మండే గుంట చాలా వరకు హెడ్డులోనే చెక్కి ఉంటుంది. పేరుకు 100 సీసీ అనే బైకులో పిస్టన్ తోసేది 97 సీసీ, రేషియో 9 అనుకుంటే హెడ్డు గుంటతో కలిపి మిగిలే చోటు సుమారు 12 సీసీ. గుంట 2 సీసీ చిన్నదైన వేరే హెడ్డు తెచ్చి బిగిస్తే రేషియో 10.6కు ఎగబాకుతుంది. 2 సీసీ పెద్దది వేస్తే 8కి దిగుతుంది. హెడ్డు వంకర పోయిందని లేత్ మీద అరగదీయించినా గుంట లోతు తగ్గి రేషియో పెరుగుతుంది. పెరిగితే బలం పెరుగుతుంది కదా అని ఇంటర్ చదివే కుర్రాళ్ళు సంబరపడతారు. కానీ పెట్రోలు, గాలి ముందే కలిసి లోపలికి వస్తాయి కనుక, మరీ నలిపితే స్పార్క్ కంటే ముందే ఎక్కడో ఒక మూల అంటుకుని ఇంజను టకటకమని కొట్టుకుంటుంది. పిస్టనుకే చిల్లు పడొచ్చు. మన ఆయిలింజన్లలో చాలావాటికి హెడ్డు అడుగు చదునుగా ఉండి, గుంట పిస్టన్ తలలో ఉంటుంది. అక్కడ హెడ్డు అరగదీస్తే రేషియో పెద్దగా మారదు. వాల్వులు మాత్రం పిస్టనుకు దగ్గరగా వచ్చి తగిలే ప్రమాదం ఉంది.

డీజిల్ చదువుకునే నాటికి ఉన్న గ్యాసు, పెట్రోలు ఇంజన్లన్నిటికీ ఈ అడ్డంకే ఉండేది. ఎక్కువ నలిపితే ఎక్కువ పని వస్తుందని తెలుసు, నలిపితే ముందే పేలుతుందనీ తెలుసు. ఆయన ఆలోచన చాలా చిన్నది. నూనె కలపకుండా వట్టి గాలినే నలిపితే? మండడానికి అందులో ఏమీ ఉండదు కనుక ఎంతైనా నలపవచ్చు. నూనెను చివరి క్షణంలో పంపవచ్చు. 1892 ఫిబ్రవరిలో ఈ ఆలోచన మీద బెర్లిన్‌లో పేటెంటుకు దరఖాస్తు పెట్టి, మరుసటి ఏడాది పుస్తకం వేశాడు.

అయితే కాగితం మీద ఆయన అడిగింది 250 అట్మాస్ఫియర్ల ఒత్తిడి. ఆ రోజుల్లో ఏ లోహం, ఏ హెడ్డు, ఏ బోల్టు దాన్ని తట్టుకోలేదు. పెద్దలు నవ్వారు. ఆయన 90కి, ఆ తర్వాత ఇంకా కిందికి దిగాడు. ఆగ్స్‌బర్గ్ యంత్రాల ఫ్యాక్టరీ అధిపతి హైన్రిష్ ఫాన్ బుజ్ మొదట కాదని, తర్వాత ఒప్పుకున్నాడు. ఉక్కు వ్యాపారి క్రుప్ కూడా కలిశాడు. చిన్నప్పుడు అనాథలా రైలు దిగిన ఊరికే ఆయన ఇప్పుడు ఇంజను కట్టడానికి తిరిగి వచ్చాడు.

మొదటి ఇంజను సిలిండరు వ్యాసం 150 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 400 మిల్లీమీటర్లు. అనుకున్న ఒత్తిడి మొదట్లో రానే లేదు. పిస్టన్ పక్క నుంచీ వాల్వుల నుంచీ గాలి కారిపోయేది. సరిచేసుకుంటూ వచ్చి 1893 ఆగస్టు 10న మొదటిసారి నూనె చిమ్మారు. లోపల ఒత్తిడి 80 అట్మాస్ఫియర్లకు పోయి, దాన్ని కొలిచే పరికరం పేలి ముక్కలు ఎగిరాయి. అదృష్టం కొద్దీ ఎవరి ప్రాణమూ పోలేదు. డీజిల్ మాత్రం సంతోషించాడు. ఇంజను తిరగలేదు, నిజమే. కానీ నలిగిన గాలి నూనెను అంటించిందని రుజువైంది.

1894 ఫిబ్రవరి 17న మెకానిక్ లిండర్ ఇంజనుకు తగిలించిన బెల్టు వంక చూస్తున్నాడు. అప్పటిదాకా ఫ్యాక్టరీ బెల్టే ఇంజనును తిప్పేది. ఆ రోజు బెల్టు ఒక్కసారిగా రెండో వైపు బిగుసుకుంది. ఇంజనే బెల్టును లాగుతోందన్న మాట. లిండర్ ఏమీ అనకుండా తల మీది టోపీ తీశాడట. ఇంజను సొంతంగా నడిచింది ఒక్క నిమిషం, 88 చుట్లు. ఆ నిమిషం కోసం ఎన్ని నెలలు పట్టిందో చూశారుగా.

ఇంకో మూడేళ్ళు అలాగే గడిచాయి. నూనెను బలమైన గాలితో చిమ్మే పద్ధతి, లోపలి మంట ఆకారం, హెడ్డు దగ్గర మిగిలే చోటు, ఒక్కొక్కటీ మార్చి మార్చి చూశారు. 1897 ఫిబ్రవరి 17న మ్యూనిక్ ప్రొఫెసర్ మోరిట్జ్ ష్రోటర్ వచ్చి మూడో ఇంజనుకు అధికారికంగా పరీక్ష పెట్టాడు. సుమారు 18 హార్స్‌పవర్, 26.2 శాతం సామర్థ్యం. లిండే క్లాసులో చెప్పిన ఆవిరి యంత్రం పది శాతం దాటలేదని గుర్తుంది కదా. నోటుబుక్ గమనికకు 19 ఏళ్ళ తర్వాత మార్కులు పడ్డాయి.

ఇక డబ్బు వరదలా వచ్చింది. అమెరికా హక్కులకే అడాల్ఫస్ బుష్ అనే బీరు వ్యాపారి పది లక్షల మార్కులు ఇచ్చాడు. మ్యూనిక్‌లో పెద్ద భవంతి కట్టాడు. అప్పటికి ఆయన వయసు నలభై. తండ్రి కుట్టిన సంచులు మోసిన కుర్రాడు యూరప్‌లో ఎక్కడికి వెళ్ళినా పెద్దమనుషుల బల్ల దగ్గరే కూర్చునేవాడు.

నాకు బాధ కలిగించే భాగం ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఇంజను ఇంకా పూర్తిగా పక్వానికి రాలేదు. పరీక్ష గదిలో నిపుణుల చేతిలో నడిచిన యంత్రం, కొన్నవాళ్ళ ఫ్యాక్టరీల్లో మొరాయించింది. ఒక అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి ఇచ్చిన తొలి ఇంజనుకే మరమ్మతుల మీద మరమ్మతులు. ఆగ్స్‌బర్గ్‌లో సొంతంగా పెట్టిన ఇంజన్ల కంపెనీ మూతపడింది. పైగా పుస్తకంలో ఆయన వర్ణించిన ఇంజనూ, నిజంగా నడిచిన ఇంజనూ ఒకటి కాదని విమర్శకులు పట్టుకున్నారు. వాళ్ళది పూర్తిగా అన్యాయమైన మాట కాదు. పేటెంటులో రాసిన మంట పద్ధతి పనిచేయదని ఆయనకు 1893లోనే తెలిసి, రెండో పేటెంటు తీసుకున్నాడు. ఆ సంగతి నలుగురిలో సూటిగా ఒప్పుకుంటే సరిపోయేది. ఆయన ఒప్పుకోలేదు, చివరిదాకా సమర్థించుకుంటూనే పోయాడు. ఇంగ్లండులో హెర్బర్ట్ అక్రాయిడ్ స్టువర్ట్ అంతకు ముందే నూనె ఇంజను చేశాడనీ, ఘనత ఆయనదేననీ ఇంకో తగాదా. స్టువర్ట్ ఇంజను తక్కువ కంప్రెషన్‌తో, ఎర్రగా కాగిన గుండు సాయంతో మంట పుట్టించేది. గాలిని నలిపిన వేడితోనే నడిచిన ఇంజను డీజిల్‌దే. నా తీర్పు అయితే డీజిల్ వైపే, కానీ స్టువర్ట్ పేరు మన పాఠ్యపుస్తకాల్లో అసలే లేకపోవడం సబబు కాదు.

తగాదాలు, కోర్టులు, తలనొప్పులు. 1898లోనే నరాలు కుదేలై ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. వచ్చిన డబ్బు భూముల్లో, నూనె బావుల్లో పెట్టి పోగొట్టుకున్నాడు. 1903లో కార్మికులు తామే యజమానులయ్యే సమాజం గురించి ఒక పుస్తకం రాసి పదివేల ప్రతులు వేస్తే మూడు వందలే అమ్ముడుపోయాయి. ఆ పుస్తకమే తన అసలు ఘనకార్యమని ఆయన నమ్మకం.

పెదవేగి పరిసరాల వాళ్ళు ప్రత్యేకంగా చదవాల్సిన ముచ్చట ఒకటుంది. 1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో డీజిల్ ఇంజనుకు అత్యున్నత బహుమతి వచ్చింది. అక్కడ పెట్టిన ఇంజన్లలో ఒక చిన్నదాన్ని వేరుశెనగ నూనెతో నడిపించారు. ఇంజనులో ఏ మార్పూ చేయలేదు. చూసినవాళ్ళలో చాలామందికి తేడాయే తెలియలేదు. ఆఫ్రికాలోని తన వలస దేశాల్లో వేరుశెనగ బాగా పండుతుంది కనుక, బొగ్గు, పెట్రోలియం మోసుకెళ్ళకుండా అక్కడి పంటతోనే ఇంజన్లు నడవాలని ఫ్రెంచి ప్రభుత్వం కోరిందట. 1912 నాటికి డీజిల్ కూడా ఇదే పాట అందుకున్నాడు. మొక్కల నూనెలకు ఇవాళ విలువ లేకపోయినా ఒక రోజు బొగ్గు, పెట్రోలియం అంతటివి అవుతాయని రాశాడు.

ఇవాళ పెదవేగిలో భారతీయ ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉంది, గెలలు ఆడించే ఆయిల్‌ఫెడ్ ఫ్యాక్టరీ ఉంది. శాలంకాయనులు రాజధానిగా ఏలిన వేంగి నేల మీద ఇప్పుడు ఆఫ్రికా నుంచి వచ్చిన పామ్ చెట్ల వరసలు కనిపిస్తాయి. మన గెలల నూనె వంటింటికే పోతుంది. ఇండోనేషియాలో మాత్రం పామాయిల్‌ను రసాయనికంగా మార్చి బయోడీజిల్‌గా బంకుల్లో కలిపి అమ్ముతున్నారు. అన్నట్టు, ఇది చదివి ఎవరూ ట్రాక్టరులో వంటనూనె పోయకండి. ఆనాటి ఇంజను పెద్ద రంధ్రాల నుంచి గాలితో చిమ్మేది. ఈనాటి నాజిల్ రంధ్రాలు వెంట్రుకంత సన్నం. చిక్కటి నూనె వాటిలో గడ్డకట్టి కూర్చుంటుంది, బిల్లు మీకే వస్తుంది.

1912లో డెన్మార్క్ ఓడ సెలాండియా ఆవిరి లేకుండా డీజిల్ ఇంజన్లతో కోపెన్‌హాగెన్ నుంచి బాంకాక్ దాకా వెళ్ళింది. ప్రపంచంలోని ఓడలన్నీ తన వైపు తిరిగే సమయానికి ఆయన చేతిలో డబ్బు లేదు. పేటెంట్ల గడువు కూడా అప్పటికే తీరిపోయింది. పైకి మాత్రం ఆ ఇల్లు, ఆ హోదా అలాగే నడుస్తున్నాయి. అప్పుల సంగతి ఇంట్లోవాళ్ళకు కూడా పూర్తిగా చెప్పలేదు.

1913 సెప్టెంబరు 29 సాయంత్రం ఆంట్‌వెర్ప్‌లో డ్రెస్డెన్ అనే ఓడ ఎక్కాడు. ఇంగ్లండులో కొత్త ఇంజన్ల ఫ్యాక్టరీ పని మీద ప్రయాణం. ఇద్దరు మిత్రులతో భోజనం చేసి, రాత్రి పది గంటలకు పొద్దున్నే లేపమని చెప్పి గదిలోకి వెళ్ళాడు. తెల్లవారి చూస్తే పక్క నలగలేదు. రాత్రి బట్టలు మడత పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. డెక్ మీద రెయిలింగ్ పక్కన ఆయన టోపీ, మడిచిన కోటు దొరికాయి. డైరీలో ఆ తేదీ దగ్గర చిన్న శిలువ గుర్తు ఉంది. పది రోజుల తర్వాత ఒక డచ్చి పడవ వాళ్ళకు సముద్రంలో శవం కనిపిస్తే, జేబులోని వస్తువులు తీసుకుని దాన్ని నీళ్ళకే వదిలారు. కళ్ళజోడు పెట్టె, చిన్న చాకు లాంటి ఆ వస్తువుల్ని చిన్నకొడుకు ఆయిగెన్ గుర్తుపట్టాడు. ప్రయాణానికి ముందు భార్యకు ఒక సంచి ఇచ్చి, వారం దాకా తెరవవద్దని చెప్పాడు. తెరిస్తే అందులో కొంత నగదు, ఖాళీ అయిన బ్యాంకు ఖాతాల లెక్కలు ఉన్నాయి. శత్రువులు చంపించారని, గూఢచారుల పనని రకరకాల కథలు వచ్చాయి. ఏదీ రుజువు కాలేదు. ఆ సంచిలో లెక్కలు చూసినవాళ్ళకు కారణం వెతుక్కోవాల్సిన పని లేకపోయింది.

ఆయన చనిపోయేనాటికి డీజిల్ ఇంజను అంటే ఇల్లంత యంత్రం. ఫ్యాక్టరీలకూ ఓడలకే పనికొచ్చేది. చిన్న పనివాడు, చిన్న రైతు కొనుక్కోగలిగే ఇంజను కావాలన్నది యవ్వనంలో ఆయన కల. 1920లలో నూనెను గాలి సాయం లేకుండా నేరుగా చిమ్మే పంపులు బాగుపడ్డాక లారీలు వచ్చాయి. 1933లో జపాన్‌లో యమావోకా మాగోకిచి అనే ఆయన రైతు పొలానికి మోసుకెళ్ళగలిగేంత చిన్న డీజిల్ ఇంజను చేశాడు. ఆయన కంపెనీ పేరు యాన్మార్. మన ఊళ్ళలో వరి కోత యంత్రాల మీద ఆ పేరు మీరు చూసే ఉంటారు.

యమావోకా కూడా పేదరైతు బిడ్డే. యుద్ధం తర్వాత జర్మనీ వెళ్ళి, ఆగ్స్‌బర్గ్‌లో డీజిల్ పేరు మీద ఏ స్మారకమూ లేదని తెలిసి నొచ్చుకున్నాడు. సమాధి ఎలాగూ లేదు, సముద్రమే. 1957లో తన ఖర్చుతో జపాన్ నుంచి పెద్ద పెద్ద రాళ్ళు ఓడలో తెప్పించి, ఆ ఊరి పార్కులో ఒక రాతి తోట కట్టించాడు. పన్నెండేళ్ళ కుర్రాడు ఎనిమిది రోజుల ప్రయాణం తర్వాత రైలు దిగిన ఊరు అదే. ఆ రాళ్ళు ఇప్పటికీ అక్కడ ఉన్నాయి.